సర్కారు వారి పాట: పట్టుబడిన బండ్ల వేలం వెనుక కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు పాతకాలపు సంగతి ఏదైనా రాసివ్వమని కార్యదర్శి గారు కోరినప్పుడు, రేవు గురించి, ఓడల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు, నేను కొత్తగా రాసేదేముంది అనుకున్నాను. ఆ సాయంత్రమే మా మనవడు సెల్‌ఫోనులో ఒక వేలం ప్రకటన తెచ్చి చూపించాడు. ఏదో ప్రభుత్వ శాఖ పట్టుకున్న వ్యాను. "తాతయ్యా, బయట ధరలో సగానికే వస్తుందట. పాడమంటావా?" అని అడిగాడు. నేను వెంటనే అవుననలేదు, కాదనలేదు. ముప్పై ఏళ్లకు పైబడి కిందట సాలగ్రామపురంలో మా క్వార్టరు వెనుక రెండు వానాకాలాలు తడిసిన ఒక మేటాడోర్ వ్యాను కళ్లముందు మెదిలింది. దాని సంగతి తరువాత చెబుతాను. ముందు ఈ వేలం పద్ధతి ఎక్కడ మొదలైందో, చట్టం దాన్ని ఎలా తీర్చిందో చెప్పాలి. ఆ రాత్రి మా వాడికి చెప్పినదే కాస్త వివరంగా మీ ముందు ఉంచుతున్నాను.

మాట కూడా ఓడ దిగే వచ్చింది

'వేలం' అన్న మాట అచ్చంగా మన మాట కాదు. బహిరంగంగా ధర పెంచుతూ అమ్మడాన్ని పోర్చుగీసు భాషలో 'లెయ్‌లావ్' అంటారు. వారు పడమటి తీరంలో దిగి వర్తకం సాగించిన రోజుల్లో ఆ మాట మలయాళంలో 'లేలం', తమిళంలో 'ఏలం', హిందీలో 'నీలాం' అయింది. మన నోట 'వేలం'గా నిలిచింది. ఓడలు వచ్చిపోయే ఊళ్లో కాపురం చేసిన మనకు అందులో వింతేమీ లేదు.

'పాట' మాత్రం మనదే. ధర పెంచడాన్ని పాడటం అన్నారు మనవాళ్లు. సంత ఆశీలు, చెరువులో చేపలు, దేవుడి మాన్యం కౌలు, సారా దుకాణాలు అన్నీ పాటలోనే పోయేవి. ముందురోజు ఊళ్లో టముకు వేయించేవారు. అధికారి మొదట చెప్పే మొత్తం 'సర్కారు వారి పాట'. అక్కడినుంచి జనం పాట మొదలయ్యేది. "ఒకటోసారి, రెండోసారి" అని ఆగి, చుట్టూ చూసి, "మూడోసారి" అనేసరికి సరుకు చేతులు మారేది. నలుగురి ఎదుట జరుగుతుంది, పక్షపాతం ఉండదు అన్న నమ్మకమే ఈ పద్ధతికి ప్రాణం.

బండి, గుర్రం నుంచి లారీ దాకా

1933 అక్టోబరు 7న 'జలదుర్గ' ఓడ రాకతో విశాఖ రేవులో వర్తకం మొదలైంది. ఆ డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించారు. రేవు వచ్చిన చోటికి సుంకం వస్తుంది. సుంకం ఉన్నచోట ఎగవేత కూడా ఉంటుంది. అప్పటికి అమలులో ఉన్నది 1878 నాటి సముద్ర కస్టమ్స్ చట్టం. దొంగసరుకు తరలించడానికి వాడిన ఓడ, బండి, ఆఖరుకు గుర్రం వంటి జంతువు కూడా జప్తుకు లోనవుతాయని ఆ చట్టంలోనే ఉంది. మోటారు బండి పుట్టకముందే మోటారు బండికి పట్టే గతి అందులో రాసిపెట్టారన్నమాట.

స్వతంత్రం వచ్చాక దీని స్థానంలో 1962 కస్టమ్స్ చట్టం వచ్చి, 1963 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. ఈ చట్టంలో సామాన్యుడు తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఒకటుంది. పట్టుకోవడం వేరు, జప్తు వేరు. పట్టుబడిన బండి ఇంకా యజమానిదే. కారణాలు చూపుతూ అతనికి నోటీసు ఇవ్వాలి, అతను చెప్పుకునేది వినాలి. ఆరు నెలల్లోగా, గడువు పొడిగిస్తే ఆ గడువులోగా, నోటీసు ఇవ్వకపోతే సరుకు తిరిగి ఇచ్చేయాలి. తనకు, తన ఏజెంటుకు, బండి నడిపినవాడికి తెలియకుండానే దొంగసరుకు ఎక్కిందని రుజువు చేసుకుంటే బండి జప్తు కాకూడదు. బాడుగకు తిరిగే బండి అయితే, జప్తుకు బదులు జరిమానా కట్టి విడిపించుకునే అవకాశం యజమానికి ఇవ్వాలి. ఇవన్నీ అయ్యాక జప్తు ఉత్తర్వు వెలువడితేనే బండి కేంద్ర ప్రభుత్వానిది అవుతుంది. అప్పుడే అది వేలానికి వస్తుంది.

రేవులో పనిచేసిన మనకు ఇంకో రకం వేలం కూడా తెలుసు. అది నేరానికి సంబంధించినది కాదు. దిగుమతి చేసుకున్నవారు వచ్చి విడిపించుకోని సరుకు షెడ్లలో ఉండిపోయేది. 1963 నాటి ప్రధాన రేవుల ట్రస్టుల చట్టం ప్రకారం రెండు నెలలు దాటితే ట్రస్టు దాన్ని అమ్మవచ్చు. 2021లో కొత్త చట్టం వచ్చేదాకా అదే నడిచింది. కస్టమ్స్ చట్టం కింద అలాంటి సరుకు అమ్మినప్పుడు సొమ్ము ఎవరికి ఏ వరుసలో చెందాలో కూడా రాసి ఉంది. అమ్మకం ఖర్చులు, ఓడ బాడుగ, సుంకం, భద్రపరచినవారి చార్జీలు, సర్కారు బకాయిలు పోగా మిగిలింది యజమానికే ఇవ్వాలి. పోగొట్టుకున్నవాడి హక్కును కూడా చట్టం లెక్కలో పెట్టింది.

యుద్ధం మిగిల్చిన జీపులు

సర్కారు బండిని వేలంలో కొనుక్కోవచ్చు అన్న అలవాటు మన జనానికి బాగా చేసింది రెండో ప్రపంచ యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను. బస్సులు వెనుక బొగ్గు గ్యాస్ పొయ్యి కట్టుకుని తిరిగేవి. యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కరలేని జీపులు, లారీలు, ట్రెయిలర్లు దేశమంతటా అమ్మకానికి వచ్చాయి. ఆ పని చూసిన శాఖ పేరులోని 'డిస్పోజల్స్' అన్న మాట అలాగే మన భాషలో కలిసిపోయింది. 'డిస్పోజల్ జీపు', 'డిస్పోజల్ లారీ' అని మన పెద్దలు అనగా మనం విన్నవాళ్లమే. సరఫరాలు, డిస్పోజల్స్ డైరెక్టరేట్ జనరల్‌ను కేంద్రం 2017 అక్టోబరు 31తో మూసివేసింది. మాట మాత్రం మెకానిక్కు షెడ్లలో బతికే ఉంది.

అవి పట్టుబడిన బండ్లు కావు, మిగిలిపోయిన బండ్లు. అయినా వాటిని కొన్నవారు నేర్చుకున్న పాఠం ఒకటే: ఉన్నది ఉన్నచోట, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతారు. ఇంజను తిరుగుతుందో లేదో మనమే చూసుకోవాలి. ఈనాటికీ ప్రతి వేలం ప్రకటనలో ఉండే షరతు అదే.

కొత్త బండి దొరకని రోజులు

వేలాలకు జనం ఎందుకు ఎగబడేవారో నేటి పిల్లలకు చెబితే నమ్మరు. చేతిలో డబ్బున్నా కొత్త బండి దొరికేది కాదు. కార్ల పంపిణీ, అమ్మకాలను నియంత్రిస్తూ 1959లో, స్కూటర్లపై 1960లో కేంద్రం ఉత్తర్వులు తెచ్చింది. డిపాజిట్టు కట్టి, వరుసలో పేరు నమోదు చేయించుకుని, ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. స్కూటరుకు పేరు రాయించుకున్నవాడి పెళ్లయి పిల్లలు బడికి పోయే వేళకు స్కూటరు వచ్చేదని మనమే నవ్వుకునేవాళ్లం. విదేశీ కారయితే మరీ అపురూపం. రాయబార కార్యాలయాలవారు వదిలేసిన కార్లు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకానికి వచ్చేవి.

వేలంలో వరుస లేదు, పర్మిట్టు లేదు. ధరావత్తు కట్టి నిలబడితే చాలు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ గారు విశాఖకు ఉక్కు కర్మాగారం ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ నడుమ కాలంలో చిన్న కాంట్రాక్టరు దగ్గర్నుంచి ఇసుక తోలేవాడిదాకా అందరికీ ఏదో ఒక బండి కావలసి వచ్చింది. వేలం లారీ కొని, గాజువాక ఆటోనగర్‌లో బాగుచేయించి, దాని మీద ఇల్లు కట్టుకున్నవారు మనలో కొందరికి తెలిసే ఉంటారు.

బండి పట్టుబడే దారులు

కస్టమ్స్ ఒక్కటే కాదు. మన జిల్లాలో బండి సర్కారు చేతికి చిక్కడానికి చాలా దారులున్నాయి.

మొదటిది మద్యం. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చింది. అప్పుడు మనం అందులోని వాళ్లమే. 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం పడిపోయింది కూడా నిషేధం మీద వచ్చిన తగవులోనే. తరువాత 1968 ఆబ్కారీ చట్టం వచ్చింది. మళ్లీ 1995 జనవరి 16 నుంచి 1997 దాకా రాష్ట్రంలో సంపూర్ణ నిషేధం నడిచింది. ఆ కాలంలో సారా, సీసాలు మోస్తూ దొరికిన స్కూటర్లు, ఆటోలు, కార్లు స్టేషన్ల ముందు బారులు తీరాయి.

రెండోది అడవి. 1967 అటవీ చట్టం కింద దొంగకలపతోపాటు దాన్ని మోసిన లారీ కూడా జప్తు అవుతుంది. మూడోది బియ్యం, కిరసనాయిలు వంటి నిత్యావసరాలు. 1955 చట్టం కింద జప్తు చేసే అధికారం కలెక్టరుకు ఉంది. నాలుగోది గంజాయి. 1985 మాదకద్రవ్యాల చట్టం కింద ఏజెన్సీ దారుల్లో పట్టుబడే బండ్ల సంగతి మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఇవిగాక, దొంగలు వదిలేసినవి, ఎవరూ నాదని రానివి పోలీసుల దగ్గర చేరతాయి.

దారి ఏదైనా ఉత్తర్వు ఇచ్చే అధికారి వేరు, చట్టం వేరు, అప్పీలు చేసుకునే చోటు వేరు. కొనేవాడికి బండి ఒకేలా కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న కాగితం మాత్రం ఒకేలా ఉండదు.

పాట జరిగే తీరు

పేపర్లో ప్రకటన పడేది. ఫలానా తేదీల్లో ఆవరణలో బండ్లు చూసుకోవచ్చు. బండికి ఒక లాటు నెంబరు సుద్దతో రాసి ఉండేది. ధరావత్తు కట్టినవారికి చీటీ ఇచ్చేవారు. హెచ్చు పాట పాడినవారు కొంత సొమ్ము అక్కడికక్కడే కట్టి, మిగతాది గడువులోగా కట్టాలి. పాట ముగిసినంత మాత్రాన బండి మనది కాదు, పై అధికారి ఖాయం చేయాలి. గడువులో తీసుకుపోకపోతే నేల అద్దె పడుతుంది.

ఇందులో లోటుపాట్లు లేవనను. చూసిన రోజున ఉన్న బ్యాటరీ తీసుకునే రోజున ఉండకపోవడం మామూలే. పాడేవారు ముందే చేతులు కలిపి, ఒకరిమీద ఒకరు పెంచుకోకుండా తక్కువకు కొట్టేసి, తరువాత టీకొట్టు దగ్గర తమలో తాము అసలు పాట పాడుకునేవారు. దీన్ని 'రింగు' అనేవారు. అందుకే ధర చాలదనిపిస్తే పాట రద్దు చేసే హక్కును అధికారి తన దగ్గర ఉంచుకుంటాడు.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఆలస్యం. కేసు తేలదు, బండి కదలదు. ఎండకు, వానకు, మన సముద్రపు ఉప్పుగాలికి ఇనుము తినుకుపోతుంది. 2002 అక్టోబరు 1న సుప్రీంకోర్టు గుజరాత్‌కు చెందిన సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో ఈ సంగతే తీసుకుంది. బండ్లను పోలీసు స్టేషన్లలో ఏళ్లతరబడి పడవేయడం వల్ల ఎవరికీ లాభం లేదని, ఫొటోలు తీయించి తగిన హామీతో సొంతదారుకు అప్పగించాలని, ఎవరూ రాకపోతే వేలం వేయించాలని చెప్పింది. 2024 జూలై 1న అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత మరో అడుగు వేసింది. సొత్తు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో వివరాలు నమోదు చేసి, ఫొటోలు, వీడియో తీయించాలి. ఆపై 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి.

మా మిత్రుడి మేటాడోర్

ఇక ఆ వ్యాను సంగతి. మా మిత్రుడు ఒకాయన వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి 1991లో రిటైరయ్యాడు. ఇనుము మీద చెయ్యి వేస్తే రోగం చెప్పగలిగినవాడు. కొడుకుకు డ్రైవింగ్ లైసెన్సు ఉంది, ఉద్యోగం లేదు. గ్రాట్యుటీ సొమ్ములో కొంత తీసి, ఒక శాఖవారి వేలంలో పట్టుబడిన మేటాడోర్ పాడాడు. ఇంజను చక్కగా ఉంది. మంచి ధరకు వచ్చింది. కంచరపాలెంలో వాళ్ల ఇంటి సందులో చోటు లేక మా క్వార్టరు వెనుక నిలిపాడు. నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కూడా కొట్టాం.

అప్పటికి 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చి, మన జిల్లా బండ్లకు 'ఏపీ 31' నెంబర్లు పడుతున్నాయి. కొత్త నిబంధనల ప్రకారం సర్కారు వేలంలో కొన్న బండిని స్వాధీనం చేసుకున్న 30 రోజుల్లో 32వ నెంబరు ఫారంతో దరఖాస్తు చేయాలి. రిజిస్ట్రేషన్, బీమా కాగితాలతోపాటు, అమ్మకం ఖాయం చేసిన పత్రం మీద వేలం వేసిన అధికారి సంతకం ఉండాలి. వేలానికి అనుమతిస్తూ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ధ్రువీకరించిన నకలు జతచేయాలి. బండి మీద ఉన్నది దొంగ నెంబరని తేలినా, అసలు నెంబరే లేకపోయినా, ముందు వేలం వేసిన శాఖ పేరున కొత్త నెంబరు ఇచ్చి, తరువాత కొన్నవారి పేరుకు మారుస్తారు. నిబంధన చక్కనిదే. కొన్నవాడికి మచ్చలేని హక్కు రావాలన్నదే దాని ఉద్దేశం.

మా మిత్రుడికి చేతికి వచ్చింది సొమ్ము కట్టిన రసీదు, గేటు పాసు మాత్రమే. ఆ నకలు కోసం వెళితే ఫైలు పై ఆఫీసుకు వెళ్లిందన్నారు. పై ఆఫీసులో అడిగితే తిరిగి పంపామన్నారు. సంతకం చేయవలసిన అధికారికి బదిలీ అయింది. వానలు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. ప్రతి ఆదివారం ఆయన వచ్చి ఇంజను తిప్పి, తుడిచి వెళ్లేవాడు. ఒకరోజు టీ తాగుతూ, "పాట నేనే పాడానుగానీ, తాళం ఆఫీసులో ఉండిపోయిందయ్యా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కళ్లలో మాత్రం నవ్వు లేదు.

ఆ రోజుల్లోనే అనకాపల్లి వైపునుంచి ఒక మనిషి వెతుక్కుంటూ వచ్చాడు. ఆ వ్యాను పాత యజమాని. బాడుగకు ఇస్తే ఎవరో అందులో ఏదో ఎక్కించి దొరికిపోయారట. నోటీసు వస్తే భయపడి ఊరుకున్నాడట. జరిమానా కట్టి విడిపించుకోవచ్చని ఎవరూ చెప్పలేదట. ఒకసారి చూసిపోదామని వచ్చానన్నాడు. బానెట్ మీద చెయ్యివేసి కాసేపు నిలబడ్డాడు. మా మిత్రుడు అతనికి టీ పోయించి, బస్సు చార్జీ కూడా ఇచ్చి పంపాడు. ఒకే బండికి ఇద్దరు సొంతదార్లు, ఇద్దరికీ అది దక్కలేదు.

1993లో కాగితాలు వచ్చాయి. అప్పటికి అడుగు రేకు చిల్లులు పడింది, బ్రేకులు పట్టేశాయి. ఆటోనగర్‌లో చూపిస్తే బాగుచేతకు కొన్న ధరంత చెప్పారు. విడిభాగాలకింద అమ్మేశాడు. కొడుకు వేరొకరి లారీ మీద డ్రైవరుగా చేరాడు. సుత్తి పట్టిన చేతికి రోగం తెలిసిందిగానీ, కాగితం రోగం తెలియలేదని మా మిత్రుడు పోయేదాకా అనేవాడు.

ఇప్పటి తీరు

ఇప్పుడు ఆవరణలో గుమిగూడే పని తగ్గింది. తుక్కు ఎగుమతుల పర్యవేక్షణకు 1964లో పుట్టిన ఎం.ఎస్.టి.సి. సంస్థ ఈనాడు ప్రభుత్వ శాఖల సరుకును కంప్యూటరు ద్వారా వేలం వేస్తోంది. ఉక్కునగరం మిత్రులకు ఆ పేరు కొత్త కాదు. ఎదురెదురుగా నిలబడని చోట రింగు కట్టడం మునుపటంత సులువు కాదు. కానీ ఇంటినుంచే పాడేవారు బండిని కళ్లారా చూడకుండానే పాడేస్తున్నారు.

ఇంకో మార్పు 2023 ఏప్రిల్ 1న వచ్చింది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ, ప్రభుత్వరంగ బండ్ల రిజిస్ట్రేషన్ ఇక పొడిగించరు. అవి గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకే పోవాలి. ఆఫీసు పాత జీపును కొని రంగు వేయించుకుని తిరిగే రోజులు దానితో ముగిశాయి. పట్టుబడిన బండ్ల వేలాలు మాత్రం సాగుతూనే ఉన్నాయి.

మా మనవడికి నాలుగు పనులు చెప్పాను. బండిని స్వయంగా వెళ్లి చూడు, వెంట ఒక మెకానిక్కును తీసుకుపో. ఇంజను నెంబరు, ఛాసిస్ నెంబరు కాగితంతో సరిపోయాయేమో చూడు. జప్తు ఉత్తర్వు మీద అప్పీలు ఏదైనా ఉందా అని అడుగు. ఖాయం చేసిన పత్రం, ప్రభుత్వ ఉత్తర్వు నకలు ఎప్పుడు ఇస్తారో సొమ్ము కట్టకముందే రాతపూర్వకంగా అడుగు.

మర్నాడు వాడు ప్రకటన మొత్తం ప్రింటు తీయించి తెచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని చదివాను. ఆఖరి పేజీలో, షరతుల కింద, చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది. ఆ లాటును తుక్కుకింద మాత్రమే అమ్ముతారట, రిజిస్ట్రేషన్ కాగితాలు ఇవ్వరట. వాడు మొదటి పేజీలో బండి ఫొటో, ధర మాత్రమే చూశాడు. "పోనీలే తాతయ్యా, ఇంకోటి వస్తుంది" అన్నాడు. వస్తుంది. వచ్చినప్పుడు ఆఖరి పేజీనుంచి చదవమన్నాను.

జీవితకాలపు పొదుపు చేతిలో పెట్టుకుని, పిల్లల బతుకుతెరువు కోసం ఏదైనా కొనాలనుకునే మిత్రులకు నేను చెప్పగలిగింది కూడా ఇంతే. ఇలాంటి వేలాల్లో పాల్గొన్న అనుభవం ఉన్న సభ్యులు తమ జ్ఞాపకాలు కూడా రాసి పంపితే, వచ్చే సంచికలో మిగతావారికి మేలు చేసినవారవుతారు.